మంచు చదువు ఎవరి కోసం బేటీ?

"ఇత్తా పఢ్కే బరఫ్ దేఖ్నే జాతీ క్యా?"

పోయిన ఆదివారం కాకినాడలో మా ఆపా ఇంట్లో, దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తకముందే మా అమ్మీ వేసిన సవాల్ ఇది. వేసింది మా భాంజీకి. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. దుల్హాభాయ్ నా వైపు చూశారు, మీరే చెప్పండి అన్నట్టు. నేను వెళ్లింది కూడా అందుకే. దాచడమెందుకు, వద్దని చెప్పడానికే వెళ్లాను.

భాంజీ సివిల్‌లో బీటెక్ చేసింది. మద్రాసు ఐఐటీలో ఓషన్ ఇంజినీరింగ్ ఎంటెక్ పూర్తి చేసింది. మా ఖాన్‌దాన్‌లో అంత దూరం చదివిన ఆడపిల్ల లేదు, ఆ మాటకొస్తే మగపిల్లాడూ లేడు. ఇప్పుడు పీహెచ్‌డీ అంటోంది. సబ్జెక్టు: సముద్రపు మంచు, ఆర్కిటిక్ తీరంలో కట్టే కట్టడాల మీద దాని దెబ్బ. నార్వేలో ట్రోండ్‌హైమ్ అనే ఊరి నుంచి సీటు వచ్చింది. అలాస్కా వైపు ఇంకో యూనివర్సిటీతో ఇంటర్వ్యూ అయింది. అక్కడి నుంచి జవాబ్ కోసం ఇంతెజార్.

దుల్హాభాయ్ ఫికర్ మామూలు తండ్రి ఫికరే. ఇంకో నాలుగేళ్లు చదువంటే పిల్లకి ముప్పై వస్తాయి, రిష్తాలు ఏమవుతాయి, ఖర్చెవరు పెడతారు, హైదరాబాద్‌లో హాయిగా ఉద్యోగం చేసుకోక ఆ చీకటి దేశాలెందుకు. ఈ ఫికర్‌ని నేను తక్కువ చేసి మాట్లాడను. మన ఇళ్లలో ఆడపిల్ల చదువు ఆగిపోయేది ఎక్కువగా ఇలాంటి ప్రేమగల మాటల దగ్గరే. ఖర్చు సంగతి మాత్రం నాకూ తెలియదు, అక్కడే తెలిసింది. నార్వేలో పీహెచ్‌డీ అంటే ఫీజు కట్టి చదివే చదువు కాదట, జీతం ఇచ్చి పెట్టుకునే నౌకరీ. ఆ ఒక్క మాటతో దుల్హాభాయ్ మొహంలో సగం బరువు దిగింది. మిగతా సగం అమ్మీ సవాల్‌లోనే ఉంది. ఇంత చదివి బరఫ్ దేనికి?

భాంజీ ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తెచ్చింది. "నానీ, ఇది వేరు, సమందర్ మీద పట్టే మంచు వేరు" అంది. సముద్రపు నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టవు, దాదాపు మైనస్ 1.8 డిగ్రీలకు దిగాలి. గడ్డకడుతూ మంచు ఉప్పుని బయటికి తోసేస్తుంది. పూర్తిగా తోయలేదు. మిగిలిన ఉప్పునీరు సన్నసన్న గూళ్లలో చిక్కుకుపోతుంది. కిలో సముద్రపు నీళ్లలో 35 గ్రాముల దాకా ఉప్పుంటే, ఒక చలికాలం మంచులో మిగిలేది 4 నుంచి 6 గ్రాములు. ఆ గూళ్లు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి మంచు గట్టిదనం మారుతుంది. రెండు మూడు వేసవులు కరగకుండా నిలిచిన మంచులో ఉప్పు కారిపోయి, కరిగిస్తే తాగడానికి పనికొచ్చే నీళ్లవుతాయట. ఆ పాత మంచే అన్నిటికన్నా గట్టిది. అమ్మీ ఐసు ముక్క నోట్లో వేసుకుని "అచ్ఛా" అంది. అంతకు ముందు వేసిన సవాల్ మర్చిపోయినట్టుంది.

నాకు నచ్చింది తర్వాత చెప్పిన ముక్క. మంచుని మెల్లగా నెడితే మైనంలా సాగుతుంది, వేగంగా కొడితే గాజులా పగులుతుంది. ఒకే పదార్థం, రెండు స్వభావాలు. అందుకే దాన్ని ఆపే గోడకి ఎంత బలం కావాలో చెప్పడం అంత కష్టం. నిటారుగా ఉన్న స్తంభానికి మంచు పలక తగిలితే నలిగి నుజ్జయ్యేదాకా నెడుతూనే ఉంటుంది. అదే నీటిమట్టం దగ్గర స్తంభాన్ని శంఖంలా వాలుగా కడితే, పలక ఆ వాలు మీదకి ఎక్కి తన బరువుకి తానే వంగి విరిగిపోతుంది. ఎండు పుల్లని నిలువుగా నొక్కి విరవడం కన్నా వంచి విరవడం తేలిక కదా, అదే హిక్మత్. కెనడాలో 1997లో తెరిచిన 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ బ్రిడ్జి స్తంభాలకి ఇలాంటి శంఖాలే తొడిగారు. ఇలాంటివి చెబుతుంటే ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. వద్దని చెప్పడానికి వెళ్లిన మామూ అప్పటికే సగం ఓడిపోయాడు.

కానీ వింటున్న కొద్దీ నాలో ఇంకో సవాల్ లేచింది. ఇది రిష్తాల గురించీ కాదు, చలి గురించీ కాదు.

ఈ ఇల్మ్ ఎవరింట్లో పుట్టింది?

భాంజీ తన సబ్జెక్టులో అందరికీ తెలిసిన కేసు ఒకటి చెప్పింది. కెనడా ఉత్తరాన బోఫోర్ట్ సముద్రంలో మోలిక్‌పాక్ అనే కట్టడం ఉండేది. ఉక్కు పెట్టెలాంటి పెద్ద గోడ, మధ్యలో ఇసుక నింపి, దాని మీద నుంచి చమురు కోసం డ్రిల్లింగ్ చేసేవాళ్లు. 1986 ఏప్రిల్ 12న ఏళ్ల నాటి పాత మంచు పలక వచ్చి దానికి గుద్దుకుంది. మంచు నలుగుతుంటే కట్టడమంతా లయ పట్టినట్టు ఊగింది. ఆ ఊపుకి లోపలి ఇసుకలో కొంత భాగం నీళ్లలా మారిపోయింది. అది నిలబడింది, మనుషులు బతికారు. ఆ రోజు మంచు ఎంత బలంతో నెట్టిందన్న లెక్క మీద మాత్రం ఇంజినీర్లు ఆ తర్వాత దశాబ్దాల పాటు వాదించుకున్నారు. మోలిక్‌పాక్‌ని 1998లో రష్యా వైపు సఖాలిన్ దీవి దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చమురు పనికే పెట్టారు.

కిస్సా చాలా మజాగా ఉంది. కానీ చూడండి, సముద్రపు మంచు బలం గురించి దునియాకి తెలిసినదాంట్లో పెద్ద భాగం చమురు వెతుకులాటలో తెలిసిందే. ట్రోండ్‌హైమ్‌లో ఇదే సబ్జెక్టు మీద 2011 నుంచి ఎనిమిదేళ్లు నడిచిన పెద్ద రీసెర్చ్ సెంటర్‌కి ప్రభుత్వం డబ్బుతో పాటు చమురు కంపెనీలూ భాగస్వాములే. రష్యాలో యమాల్ దగ్గర సబెట్టా రేవు కట్టింది గ్యాసు కోసం. అక్కడి నుంచి మొదటి ఓడ 2017 డిసెంబర్‌లో బయల్దేరింది. ఆ మంచుని కరిగిస్తున్న వాటిలో ఆ గ్యాసూ, ఆ చమురూ ముందు వరసలో ఉన్నాయి. ఇల్లు తగలబెట్టేవాడే నిప్పు శాస్త్రానికి స్కాలర్‌షిప్ ఇచ్చినట్టు ఉంది ఈ వ్యవహారం.

ఎంత కరిగిందో కూడా చెప్పుకోవాలి. ఏటా సెప్టెంబర్‌లో ఆర్కిటిక్ మంచు అన్నిటికన్నా తక్కువకి దిగుతుంది. 1980లలో ఆ తక్కువే 70 లక్షల చదరపు కిలోమీటర్ల దరిదాపుల్లో ఉండేది. 2012 సెప్టెంబర్‌లో 34 లక్షలకి పడిపోయింది. అంటే మన ఇండియా విస్తీర్ణం కన్నా కాస్త ఎక్కువ మిగిలి, ఇంచుమించు ఇంకో ఇండియా అంత మాయమైంది. ఇక్కడ ఒక గలత్‌ఫహ్మీ తీర్చేసుకుందాం. సముద్రం మీద తేలే మంచు కరిగితే సముద్రమట్టం పెరగదు, పెరిగినా లెక్కలోకి రానంత. రూహ్ అఫ్జా గ్లాసులో ఐసు కరిగితే షర్బత్ పొంగదు కదా. మట్టాన్ని పెంచేది గ్రీన్‌లాండ్‌లాంటి నేల మీది మంచు, వేడెక్కి ఉబ్బే నీళ్లు. మరి తేలే మంచు పోతే నష్టమెవరికి? దాని చాటున బతుకుతున్న కినారాలకి.

కివలినా అని అలాస్కాలో ఒక చిన్న బస్తీ. ఆర్కిటిక్ వలయానికి పైన, చుక్చీ సముద్రం ఒడ్డున సన్నటి ఇసుక దిబ్బ మీద నాలుగు వందల పైచిలుకు ఇనూపియాక్ జనం. ఆ దిబ్బ వాళ్ల పాత ఊరు కూడా కాదు, వేటకి వచ్చి పోయే మకాం. 1905లో అమెరికా ప్రభుత్వం అక్కడ బడి కట్టింది. పిల్లల్ని బడికి పంపాలంటే అక్కడే స్థిరపడాల్సి వచ్చింది. తాలీమ్ పేరు చెప్పి ఒక ఖౌమ్‌ని ఇసుక మీద కూర్చోబెట్టారన్నమాట. వందేళ్లు ఎలాగో గడిచాయి. ఎందుకంటే శరత్కాలపు తుఫానులు వచ్చే నాటికి ఒడ్డున మంచు పట్టేది. ఆ మంచే గోడ. అలలు దాన్ని దాటి వచ్చేవి కావు. ఇప్పుడు మంచు ఆలస్యంగా పడుతోంది. తుఫాను మాత్రం తన టైముకి తాను వస్తోంది. పైగా మంచు లేని నీటి మీద గాలికి పరుగు తీయడానికి చోటు ఎక్కువ, అందుకని అలలూ పెద్దవి. కింద ఎప్పటి నుంచో గడ్డకట్టి ఉన్న నేల కరుగుతోంది. అమెరికా భూగర్భ సర్వే లెక్క ప్రకారం అలాస్కా ఉత్తర తీరం సగటున ఏడాదికి 1.4 మీటర్లు కోతకి గురవుతోంది. కొన్నిచోట్ల పది పదిహేను మీటర్లు దాటుతోంది.

గడ్డకట్టిన నేల అంటే ఏమిటో మనవాళ్లకి బోధపడాలంటే ఇనువిక్ మస్జిద్‌ని తలుచుకోవాలి. కెనడా ఉత్తర కొసన ఉన్న ఆ ఊళ్లో మస్జిద్ కట్టుకునే స్తోమత లేక, 2010లో మానిటోబాలో కట్టించి లారీ మీదా, నది మీద బార్జ్ మీదా నాలుగు వేల కిలోమీటర్లు తెప్పించుకున్నారు, నది గడ్డకట్టే లోపు చేరాలని. ఆ ఊళ్లో ఇళ్లు నేలకి ఆన్చి కట్టరు, దిమ్మెల మీద ఎత్తుగా కడతారు. ఇంటి వేడి నేలకి తగిలితే అది కరిగి ఇల్లు కుంగిపోతుంది. నేల మీదే అంత జాగ్రత్త పడాల్సిన చోట, సముద్రం ఒడ్డున గోడ కట్టడం ఎంత పని!

కివలినాకి 2006లో ఇసుక నింపిన బుట్టలతో గోడ కట్టారు. కట్టిన కొద్దిరోజులకే తుఫాను దాన్ని చెడగొట్టింది. మరుసటి ఏడాది ఊరే ఖాళీ చేయాల్సి వచ్చింది. ఊరంతటినీ వేరే చోటికి మార్చాలంటే 9.5 కోట్ల నుంచి 12.5 కోట్ల డాలర్లని అమెరికా సైనిక ఇంజినీర్లు అప్పుడే లెక్కగట్టారు. ఆ డబ్బు ఎవరిస్తారు? 2008లో కివలినా వాళ్లు ఎక్సాన్‌మొబిల్‌తో సహా ఇరవైకి పైగా చమురు, బొగ్గు, కరెంటు కంపెనీల మీద దావా వేశారు. మా ఊరు పోవడంలో మీ పొగకి వాటా ఉంది, మార్చడానికి ఖర్చివ్వండని. 2009లో కింది కోర్టు కొట్టేసింది, 2012లో అప్పీలూ పోయింది, 2013లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. అదే తీరం వెంట 30 కిలోమీటర్ల లోపే రెడ్ డాగ్ జింకు గని రేవు ఉంది. ప్రపంచంలోని పెద్ద జింకు గనుల్లో అదొకటి. (ఆ గనిలో స్థానికుల కార్పొరేషన్‌కీ హక్ ఉంది, అదో లంబా కిస్సా, ఇంకోసారి.) రేవుకి ఇంజినీరింగ్ వచ్చింది. పక్కనున్న బస్తీకి ముందుగా ఇసుక బుట్టలు వచ్చాయి. ఆ తర్వాతే రాళ్ల కట్ట.

ఇదే నేను భాంజీని అడిగాను. "బేటీ, నువ్వు లెక్కగట్టే బలం ఏ గోడ కోసం? రేవు గోడకా, బస్తీ గోడకా?"

ఆమె నొచ్చుకుంది. "మామూ, మంచుకి తేడా తెలియదు. మోలిక్‌పాక్ మీద కొలిచిన లెక్కతోనే రేపు బాల్టిక్ సముద్రంలో గాలిమరల స్తంభాలు నిలబడతాయి. బస్తీ గోడకి కావలసిందీ అదే ఇల్మ్. డబ్బు ఎక్కడిదని చూస్తూ కూర్చుంటే ఏ ఇల్మూ పుట్టదు" అంది.

మంచుకి తేడా తెలియదు, సచ్. టెండర్లకి తెలుసు కదా! ఇల్మ్ అందరిదే, కానీ అది ముందు నడిచేది డబ్బున్న దారినే. కివలినా గోడ కూలింది ఎవరికీ ఏమీ తెలియక కాదు. ఆ కెరటాలకి, ఆ మంచుకి తగ్గట్టు లెక్కగట్టి కట్టేంత డబ్బూ శ్రద్ధా నాలుగు వందల మంది మీద పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. ఈ తేడా తెలియకుండా ఆ చదువుకి వెళితే మంచి ఇంజినీర్ అవుతుంది. అంతవరకే.

ఇంకో కర్జ్ కూడా ఉంది. ఇనూపియాక్ భాషలో 'ఇవు' అనే మాట ఉంది. గాలీ ప్రవాహమూ కలిసి నెడితే సముద్రపు మంచు ఉన్నట్టుండి ఒడ్డెక్కి, గుట్టలుగా ఇళ్ల మీదికి రావడం. వాళ్ల బుజుర్గులు తరతరాలుగా దీని గురించి పిల్లలకి చెబుతూ వచ్చారు. 1970ల చివర్లో, తీరంలో చమురు తవ్వకాల ముందు జరిగిన సర్వేల్లో అలాస్కా యూనివర్సిటీ వాళ్లు ఆ బుజుర్గుల దగ్గర కూర్చుని జ్ఞాపకాలు రాసుకున్నారు. 1982లో ఉట్కియాగ్విక్‌లో తవ్వితే, కొన్ని వందల ఏళ్ల కిందట మంచు మీదపడి నలిగిన ఒక ఇల్లు బయటపడింది. లోపల ఐదుగురు మనుషులు. కథ అనుకున్నది కథ కాదు. తిమింగలాల వేటకి మంచు మీద దారి వేసే ఆ మనిషికి ఏ పలక నిలుస్తుందో, ఏది విరుగుతుందో పాదం కింద తెలుస్తుంది. అతనికి పీహెచ్‌డీ లేదు. అతని తజర్బా మాత్రం ఎవరి థీసిస్‌లోనో నాలుగో చాప్టర్ అవుతుంది. ఉస్తాద్ అని రాస్తారా, ఇన్‌ఫార్మెంట్ అని రాస్తారా? మన నేతపనివాళ్లకీ, మన మెకానిక్కులకీ ఇది కొత్త సంగతేం కాదు.

ఇంతకీ ఆ పిల్లకి ఈ షౌక్ ఎక్కడిది? మంచు మా ఇంటి ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు. చూసింది ఉప్పాడ. చిన్నప్పుడు ఈద్ మర్నాడు అందరం ఆటోలో ఉప్పాడ బీచి రోడ్డుకి వెళ్లేవాళ్లం. వెళ్లిన ప్రతిసారీ రోడ్డు కాస్త లోపలికి జరిగినట్టుండేది. గుడ్డ గొట్టాల్లో ఇసుక నింపి గోడ వేశారు, అదీ దెబ్బతింది. రాళ్లు పోశారు, సముద్రం వాటినీ లాక్కుంది. జాలర్ల ఇళ్లు ఒక్కొక్క వరసా పోయాయి. ఉప్పాడకి ఆర్కిటిక్ మంచుతో సంబంధం లేదు. ఇక్కడి కోతకి కారణాలు వేరు, ఇసుక నడక వేరు. కానీ పన్నెండేళ్ల పిల్ల అప్పుడు అడిగిన మాట నాకు గుర్తుంది. "మామూ, కాకినాడ పోర్టు గోడ ఎందుకు పోదు?" నేనేం చెప్పానో గుర్తులేదు. చెప్పి ఉండను.

ఆ మాటే ఆదివారం రాత్రి డాబా మీద గుర్తుచేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, ట్రోండ్‌హైమ్ ప్రాజెక్టు సముద్రంలోని కట్టడాల మీద మంచు బలం గురించట. జీతం ఖాయం, ల్యాబ్ పెద్దది. స్వాల్‌బార్డ్‌లో 78 డిగ్రీల ఉత్తరాన ఉన్న లాంగియర్‌బియెన్‌లో ఫీల్డ్ వర్క్ ఉంటుంది. అక్కడ మంచు మీదికి వెళ్లే ముందు ధ్రువపు ఎలుగుబంట్ల భయంతో తుపాకీ పేల్చడం కూడా నేర్పిస్తారు. (ఈ ముక్క అమ్మీకి చెప్పొద్దని కసమ్ వేయించుకుంది. అమ్మీ ఇంటర్నెట్ చదవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.) అదే దీవుల్లో నీ ఒలెసుండ్‌లో 2008 నుంచి మన దేశపు హిమాద్రి స్టేషన్ ఉంది. 2022లో ఇండియా ఆర్కిటిక్ పాలసీ కూడా ప్రకటించింది. వెనక్కి వస్తే పని దొరకదన్న భయం అక్కర్లేదు. అలాస్కా ప్రాజెక్టు బస్తీల కినారాల కోత మీద. డబ్బు రెండేళ్లకే ఖాయం, ఆ తర్వాత దేఖ్‌లేంగే.

నా మష్వరా అడిగింది కాబట్టి చెప్పాను. జవాబ్ వస్తే అలాస్కా. రాకపోతే ట్రోండ్‌హైమ్, కానీ మొదటి రోజే గైడ్‌ని అడుగు, ఈ లెక్క ఏ బస్తీ గోడకి పనికొస్తుందో ఒక చాప్టర్ రాయనిస్తారా అని. దుల్హాభాయ్‌కి నా మాట నచ్చలేదు. ఖాయమైన జీతం వదిలి ఖాయం కానిదాని వెంట పడమంటారా అన్నారు. ఆయనదీ తప్పు కాదు. తండ్రి హక్ అది. నేను మామూని, నాకు పోయేదేముంది. కానీ మన ఖౌమ్‌లో ఒక ఆడపిల్ల అంత దూరం వెళ్లి, ఇసుక దిబ్బ మీద చిక్కుకున్న వేరే ఖౌమ్ ఇంటి ముందు ఏ గోడ నిలబడుతుందో లెక్క తేల్చగలిగితే, ఆ రెండేళ్ల రిస్క్ నాకు ఎక్కువ అనిపించడం లేదు.

అలాస్కా జవాబ్ ఈ నెలాఖరులోపు రావాలి. ట్రోండ్‌హైమ్‌కి ఫైసలా చెప్పాల్సింది పదిహేనో తారీఖు లోపు. అమ్మీ మాత్రం ఏ ఊరైతేనేం చలి ఒకటేగా అని, ఊలు తెప్పించుకుని మేజోళ్లు అల్లడం మొదలుపెట్టేసింది.